అనంతపురం ఎండలో ఫ్లోరెన్స్ వైన్ రుచి చూడ్డం ఎలా

ఒకే కుటుంబం చేసిన మూడు సీసాలు మీ దగ్గరుంటే పండక్కొకటి చొప్పున విప్పొద్దు. మూడూ ఒకే సాయంత్రం తీసి, పక్కపక్కన పెట్టి తాగండి. ఒక్క గ్లాసే తాగితే "బాగుంది" అనో "పుల్లగా ఉంది" అనో అంటాం, అంతటితో సరి. రెండోది పక్కనుంటేనే మొదటిది ఎట్లా ఉందో తెలుస్తుంది. బెంగళూరులో ఓ హోటల్ రెస్టారెంట్లో ఏళ్ల తరబడి వైన్ పోసిన నాకు గట్టిగా నమ్మకం కుదిరిన సంగతి ఇదొక్కటే. ఇప్పుడు అనంతపురంలోనే ఉంటున్నా. చుట్టాల్లో ఎవరింటికి ఫారిన్ సీసా వచ్చినా ఫోన్ నాకే వస్తుంది. ఆ ఫోన్లో చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నా.

ఉదాహరణకి ఆంటినోరి వాళ్ల వైన్ తీసుకుందాం. ఇటలీలోని ఫ్లోరెన్స్ కుటుంబం. 1385లో జొవాన్నీ ది పియెరో ఆంటినోరి అనే ఆయన ఆ ఊరి వైన్ వ్యాపారుల సంఘంలో చేరాడు. అప్పట్నుంచి లెక్కేసుకుని 26 తరాలని చెప్పుకుంటారు. మనవైపు అది విజయనగరంలో రెండో హరిహరరాయల కాలం. ఈ తరంలో పియెరో ఆంటినోరికి ముగ్గురూ కూతుళ్లే: అల్బియెరా, అల్లెగ్రా, అలెస్సియా. వ్యాపారం వాళ్ల చేతికే వచ్చింది. ఫ్లోరెన్స్‌లో పాత మేడల గోడలకి సీసా పట్టేంత చిన్న కిటికీలుంటాయి, వీధిలో వాళ్లకి వైన్ అందులోంచే అమ్మేవాళ్లు. వీళ్ల మేడకీ ఒకటుంది. చెప్పుకోడానికి బాగుంటుంది ఇదంతా. గ్లాసు చేతిలోకి తీసుకునేముందు మాత్రం పక్కన పెట్టండి. ఆరొందల ఏళ్ల పేరు చెవిన పడితే నాలుక ముందే ఒప్పేసుకుంటుంది.

ఏ మూడు సీసాలు

మొదటిది పెప్పొలి. ఆ తోటను వాళ్లు 1985లో, అంటే వ్యాపారానికి 600 ఏళ్లు నిండినప్పుడు కొన్నారు. క్యాంతి క్లాసికో రకం, తొందరగా తాగడానికి చేసింది. రెండోది మార్కేసే ఆంటినోరి రిజర్వా. మూడోది బదీయా అ పస్సిన్యానో, గ్రాన్ సెలెజియోనే తరగతి. ఒక పాత క్రైస్తవ మఠం కింద ఉన్న నేలమాళిగలో పీపాల్లో మాగబెడతారు దీన్ని.

మూడింటికీ లేబుల్ మీద క్యాంతి క్లాసికో అనే ఉంటుంది, నల్ల కోడిపుంజు ముద్ర ఉంటుంది. ఫ్లోరెన్స్‌కీ సియెనాకీ మధ్య కొండల్లో పండిందని దానర్థం. ఆ సీమ హద్దుల్ని 1716లోనే మూడో కోసిమో అనే మెదిచి వంశపు ప్రభువు శాసనం వేయించి గీశాడు. ఈ పేరు పెట్టుకోవాలంటే కనీసం 80 శాతం సాంజొవేజే అనే ద్రాక్ష ఉండాలి. మామూలు క్యాంతి క్లాసికోని 12 నెలలు ఉంచితే చాలు, రిజర్వాకి 24, గ్రాన్ సెలెజియోనేకి 30 నెలలు పట్టాలి. పైగా గ్రాన్ సెలెజియోనేకి సొంత తోట ద్రాక్షే వాడాలి. అంటే కుటుంబం ఒకటి, ప్రాంతం ఒకటి, ప్రధానమైన ద్రాక్షా ఒకటే. మారేది తోటా, కాలమూ. నేర్చుకోడానికి ఇంతకన్నా మంచి ఏర్పాటు దొరకదు.

"మరి తిన్యానెల్లో తేవద్దా?" అని అడుగుతారు, ఇంటర్నెట్లో చూసి. అదీ ఆంటినోరి వాళ్ల వైనే. తేవద్దు, కనీసం మొదటిసారి. చాలా ఖరీదు, దాని కథ తెలుసుకుంటే చాలు. అప్పట్లో క్యాంతి రూల్ ప్రకారం ఎర్ర ద్రాక్షలో కొంత తెల్ల ద్రాక్ష కలిపి తీరాలి. పియెరో ఆంటినోరి, ఆయన దగ్గర పనిచేసే జాకొమో తాకిస్ 1970 దశకంలో తిన్యానెల్లో తోట వైన్‌లోంచి తెల్ల ద్రాక్ష తీసేశారు, ఫ్రాన్స్ రకమైన కాబెర్నే కలిపారు, చిన్న ఓక్ పీపాల్లో పెట్టారు. రూల్ తప్పారు కాబట్టి క్యాంతి పేరు పోయింది. లేబుల్ మీద అన్నిటికన్నా కింది తరగతి, "భోజనాల బల్ల వైన్" అని వేసుకోవాల్సొచ్చింది. ధర మాత్రం క్యాంతిని దాటిపోయింది. చివరికి రూలే దారికొచ్చింది: 2006 నుంచి క్యాంతి క్లాసికోలో తెల్ల ద్రాక్ష కలపడానికే వీల్లేదు. మన పెద్దమనుషుల పంచాయితీల్లో ఇంత మంచి తీర్పు ఎప్పుడైనా చూశామా?

ఆ డబ్బుతో నాలుగో సీసాగా మన దేశపుది కొనండి. మహారాష్ట్రలో అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి వాళ్లు ఇదే సాంజొవేజే పండించి వైన్ చేస్తారు. అది ఎందుకో కిందికొస్తే తెలుస్తుంది.

ఇంటికి తెచ్చుకోవడం

విదేశం నుంచి వచ్చే పెద్దవాళ్లు ఒక్కొక్కరు 2 లీటర్ల దాకా కస్టమ్స్ సుంకం లేకుండా తేవచ్చు. సీసా 750 మిల్లీలీటర్లు, కాబట్టి మనిషికి రెండు. మూడోది పెడితే హద్దు దాటుతుంది. ఇది ఎయిర్‌పోర్ట్ రూల్ మాత్రమే. బెంగళూరులో దిగి ఆంధ్రాలోకి రావాలంటే మన ఎక్సైజ్ రూల్స్ వేరే ఉన్నాయి. ముందే ఎక్సైజ్ ఆఫీసులో అడిగి, పర్మిట్ కావాలంటే తీసుకోండి. చెక్‌పోస్టు దగ్గర బతిమాలుకునే టెన్షన్ ఉండదు.

ఎండాకాలం కారు డిక్కీలో పెట్టొద్దు. బాగేపల్లి, పెనుకొండ దాటి అనంతపురం చేరేలోపు లోపల వైన్ ఉడికిపోతుంది. ఏసీ తగిలేచోట, సీటు కింద పడుకోబెట్టండి. ఇంటికొచ్చాక బిరడా చూడండి. సీసా నోటికన్నా పైకి లేచి ఉంటే, మెడ దగ్గర కారిన చార ఉంటే, వేడి తగిలిందని అర్థం. అది పోల్చి చూడ్డానికి పనికిరాదు.

రూమ్ టెంపరేచర్ గొడవ

రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్లో తాగాలని అందరూ చెబుతారు. ఆ రూము ఫ్లోరెన్స్‌లోని రాతి గోడల గది. అనంతపురంలో మే నెల మధ్యాహ్నం గదిలో 36 డిగ్రీలుంటే ఆ మాట ఎట్లా చెల్లుతుంది? ఈ వైన్లకి కావాల్సింది 16 నుంచి 18 డిగ్రీలు. వేడెక్కితే గ్లాసులోంచి ముందు సారా ఘాటే ముక్కుకి కొడుతుంది, పండు వాసన దాని వెనకాల ఎక్కడో ఉంటుంది. మరీ చల్లగా ఉంటే వాసన అసలు లేవదు, వగరు ఒక్కటే మిగులుతుంది.

పద్ధతి సులభం. సీసాల్ని గంటన్నర ఫ్రిజ్‌లో నిలబెట్టండి. మర్చిపోతే బకెట్లో నీళ్లు, ఐసు వేసి ఇరవై నిమిషాలు ముంచండి. ఒట్టి ఐసు కంటే నీళ్లు కలిసిన ఐసు తొందరగా చల్లబరుస్తుంది. కొంచెం ఎక్కువ చల్లగా ఉన్నప్పుడే పోయండి, మన గాలికి గ్లాసులో అదే వేడెక్కుతుంది. ఎండ దిగాక, ఏడు దాటాక మొదలుపెట్టడం మేలు.

గది, గ్లాసులు

ఆ రోజు ఆ గదిలో అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చక్రం ఏవీ వద్దు. ఎయిర్ కూలర్‌కి వట్టివేళ్ల చాపలు కొత్తగా వేయించి ఉంటే అది కూడా ఆపండి. ఆ వాసన నాకు ప్రాణం, కానీ వైన్‌ని పూర్తిగా మింగేస్తుంది. ఆడవాళ్లు మల్లెపూలు పెట్టుకుని వస్తే ఏమనాలో నాకింకా తేలలేదు. మా వదినను "ఒక గంట తీసి ఫ్రిజ్‌లో పెట్టు వదినా" అంటే, "నీ వైన్ కోసం నా పూలు తీయాల్నా?" అంది. కిటికీ పక్కన కూర్చోబెట్టాను.

గ్లాసులు పొట్ట వెడల్పు, మూతి సన్నం ఉండాలి. స్టీలు గ్లాసులో రంగు కనబడదు. గ్లాసుల్ని సబ్బుతో కడిగాక మంచినీళ్లతో రెండుసార్లు తొలచండి, లేకపోతే అన్నిట్లోనూ నిమ్మకాయ వాసనే వస్తుంది. మనిషికి 50 మిల్లీలీటర్లు చాలు. అట్లా పోస్తే ఒక సీసా పదిహేను మందికి వస్తుంది, ఆరుగురు కూర్చుంటే రెండో విడతకీ మిగులుతుంది. ఉమ్మడానికి తలా ఒక కప్పు పెట్టండి. మనవాళ్లకి నచ్చనిది ఇదే: "ఇంత డబ్బు పోసి తెచ్చి ఉమ్మేదేంటికప్పా?" అంటారు. నాలుగు రకాలు మింగితే నాలుగోదాని గురించి ఎవరి మాటా నమ్మేలా ఉండదు. ఇరవై ఒకటి నిండనివాళ్లకి మన రాష్ట్రంలో ఇది చట్టప్రకారమే లేదు. బండి తోలేవాళ్లకి ఉమ్మినా వద్దు.

రుచి చూసే వరస

సీసాలకి పాత న్యూస్‌పేపర్ చుట్టి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాయండి. ఏది ఏదో చుట్టినవాడికే తెలియాలి. తేలికదాని నుంచి బరువైనదానికి వెళ్లాలి కాబట్టి ముందు పెప్పొలి, తర్వాత రిజర్వా, ఆ తర్వాత బదీయా. అక్లూజ్ సీసాని రెండో చోటో మూడో చోటో దూర్చండి.

ముందు చూడండి. తెల్ల కాయితం మీద గ్లాసు వంచితే సాంజొవేజే కెంపు రంగులో, అవతలి అక్షరాలు లీలగా కనబడేంత పల్చగా ఉంటుంది. రంగు పల్చనైతే వైన్ పల్చన అనుకోవద్దు, ఆ ద్రాక్ష తీరే అంత. వయసు పెరిగేకొద్దీ అంచు ఇటుక రంగుకి తిరుగుతుంది.

తర్వాత వాసన. గ్లాసు తిప్పకుండా ఒకసారి, తిప్పి ఒకసారి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడి వైన్‌ని చెడగొట్టినట్టే, దాన్ని పక్కన పెట్టండి. పుస్తకాల్లో సాంజొవేజేకి పుల్లని చెర్రీ వాసన అని రాస్తారు. మనం చెర్రీ అని బేకరీ కేకు మీద తినేది చాలాసార్లు చక్కెర పాకంలో వేసి రంగు పూసిన వాక్కాయే, దాన్ని తలుచుకుంటే ఏమీ దొరకదు. నేనైతే పండిన వాక్కాయ, నేరేడు పండు, ఎండిన తులసి వెతకమంటాను. పీపాలో ఎక్కువ కాలం ఉన్నవాటిలో లవంగం, కొత్త తోలు, కొంచెం పొగాకు కూడా తగులుతాయి. మీకు మరొకటి తోస్తే అదే రాసుకోండి. ఎదుటివాడి మాట వినకముందే రాయాలి. గుంపులో గొంతు పెద్దదైనవాడు "తోలు" అన్నాడంటే అందరికీ తోలే వస్తుంది.

ఇక నోట్లోకి. ఓ గుటక తీసుకుని నోరంతా తిప్పండి, కొంచెం గాలి పీల్చండి. ఇక్కడ మూడు సంగతులు విడివిడిగా పట్టుకోవాలి. పులుపు నాలుక పక్కల లాలాజలం ఊరిస్తుంది, ఈ ద్రాక్షకి అది బాగా ఎక్కువ. వగరు చిగుళ్ల మీద తెలుస్తుంది, దానిమ్మ తొక్క కొరికితే పళ్లకి పట్టేసినట్టు. అది ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ, కొంత పీపా చెక్క నుంచీ వస్తుంది. మూడోది, ఉమ్మేశాక రుచి ఎంతసేపు నిలిచింది అన్నది. మనసులో లెక్క పెట్టుకోండి. పెప్పొలిలో పండు ముందుకొచ్చి త్వరగా వెళ్లిపోతుంది. రిజర్వాలో వగరు, పీపా కలిసి కొంచెం బిగుసుగా ఉంటాయి. బదీయా మొదట ఏమీ చెప్పదు, పావుగంట గ్లాసులో ఉంచి మళ్లీ చూస్తే వేరే వాసనలు లేస్తాయి. అందుకే మొదటి గ్లాసులు పారబోయకుండా వెనక్కి వెళ్లి చూడాలి. అసలు పాఠమంతా ఆ రెండో చుట్టులోనే ఉంది.

మా మామకి గార్లదిన్నె వైపు ద్రాక్ష పందిరి ఉండేది. ఆయన నాలుగు గ్లాసులూ చూసి అడిగింది దిగుబడి. క్యాంతి క్లాసికో రూల్ ప్రకారం హెక్టారుకి 7.5 టన్నులు దాటకూడదు, అంటే ఎకరాకి మూడు టన్నులు. మన పందిరి తోటల్లో ఎకరాకి ఎనిమిది, పది టన్నులు తీసే రైతుకి అది నష్టం కింద లెక్క. "మూడు టన్నులకి తోట ఎవరు పెడతారప్పా?" అన్నాడు. వైన్ ద్రాక్షకైతే చిన్న కాయ, మందం తొక్క, గింజలుండాలి, తీపి బాగా ఎక్కాలి. మనం తినే సీడ్‌లెస్ పెద్ద కాయ దానికి సరిగ్గా ఎదురు. అక్కడ చలికాలమంతా తీగ నిద్రపోతుంది, ఏడాదికి ఒక్కసారే కత్తిరింపు. మనకి ఏప్రిల్‌లో ఒకటి, అక్టోబర్‌లో ఒకటి. అక్లూజ్ సాంజొవేజే అక్కడే తేడా కొడుతుంది. నాకు దానిలో పండు ఎక్కువ మాగినట్టు, పులుపు తక్కువగా తోస్తుంది. ఆయన పేపర్ విప్పకముందే ఎక్కువ మార్కులు దానికే వేశాడు. తప్పేమీ లేదు.

తిండి

రుచి చూసేటప్పుడు ఉప్పులేని బ్రెడ్డు, నీళ్లు. అంతే. వేయించిన చెనక్కాయలు గిన్నె నిండా పెడతారు, అవి తర్వాత.

పేపర్లు విప్పాక భోజనం. క్యాంతి పులుపు టమాటాకీ కొవ్వుకీ బాగా కుదురుతుంది. జొన్నరొట్టె, నెయ్యి వేసిన టమాటా పప్పు, మిరియాలతో చేసిన పొట్టేలు వేపుడు పెట్టండి. నాటుకోడి పులుసు, ఊరిబిండి మన కారంతో చేస్తే వైన్‌లోని ఆల్కహాలు, వగరు కలిసి నోరు మండిపోతుంది. రాగి సంగటి పాపం ఏమీ చేయదు, దాని పక్కన వచ్చేదే సమస్య. ఓళిగలు ఈ వైన్లతో వద్దు, తీపి తిన్న నోటికి ఇవి ఒట్టి చింతపులుసు అయిపోతాయి. తీపి మీద అంత ఇష్టముంటే ఆంటినోరి వాళ్లదే విన్ సాంతో ఉంది. ద్రాక్ష ఆరబెట్టి చేసిన తియ్యటి వైన్, చిన్న పీపాల్లో ఏళ్లపాటు ఉంచుతారు. దానికి పాలకోవా పెట్టి చూడాలని నాకు చాన్నాళ్లుగా ఉంది.

మిగిలిన సీసాలకి బిరడా బిగించి ఫ్రిజ్‌లోనే పెట్టండి, రెడ్ అయినా సరే. మూడు రోజుల్లోపు అయిపోవాలి. మరుసటి సాయంత్రం ముందుగా బదీయా తీసి, రాత్రి రాసిన కాయితం పక్కన పెట్టుకుని ఓ గుటక చూడండి. వగరు కొంచెం మెత్తబడి ఉంటుంది. పెప్పొలి నాలుగో రోజుకి మిగిలితే ఇక తాగకండి, మటన్ ఉడికేటప్పుడు అందులో పోసేయండి.