ఊరి మ్యూజియానికి మొదట కొనవలసింది రిజిస్టరు

చీరాల లాంటి ఊళ్లో మ్యూజియం పెడదామనగానే అందరూ గది గురించి, గాజు బీరువాల గురించి మాట్లాడతారు. నా మాట వింటే ముందు గట్టి అట్ట ఉన్న పెద్ద రిజిస్టరు ఒకటి కొనండి. మగ్గం మీద అటూ ఇటూ ఆడుతూ దారాన్ని నడిపే కొయ్య పనిముట్టు నాడె. నేత ఇళ్లలో దొరికే పాత నాడెలన్నీ చూపుకు ఒకేలా ఉంటాయి. అది ఎవరి గుంటమగ్గం మీద ఆడింది, ఆ మగ్గం మీద ఏం నేశారు, ఎప్పుడు, ఎందుకు ఆపేశారు అన్నది రాసి ఉంటేనే అది ఊరి చరిత్ర అవుతుంది. రాయకపోతే ఒక తరం తర్వాత అది కొయ్యముక్క.

వస్తువు చేతికి అందిన రోజే నంబరు వేయండి. సంవత్సరం, చుక్క, వరస సంఖ్య చాలు. పక్కన ఇచ్చినవారి పేరు, ఇంటిపేరు, పేట, వస్తువు కొలతలు, దాని గురించి వాళ్లు చెప్పిన మాటలు వాళ్ల నోటి తీరులోనే రాయండి. విరాళమో, చూపించి తిరిగి ఇవ్వవలసిందో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఇవ్వడానికి మనసొప్పని కుటుంబాన్ని బతిమాలవద్దు. ఫోటోలూ పత్రాలూ అయితే 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేసి, వీలైతే అదే రోజు తిరిగి ఇచ్చేయండి. ఆ నమ్మకం కుదిరాక పక్కింటివాళ్లే పెట్టె తెరుస్తారు.

ఏం సేకరించాలి? మా ఊరినే తీసుకోండి. చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి పొలిమేర అవతల పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకుని దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. పాకలు మిగలవు. మిగిలేవి పన్ను రసీదులు, ఉత్తరాలు, ఇంటి దస్తావేజులు, మోసుకుపోయిన ఇత్తడి సామాను. బిందె మీద చెక్కించిన పేరూ తేదీ చూడండి, ఎవరు ఎవరికి ఎప్పుడు పెట్టారో అక్కడే దొరుకుతుంది. అందుకే దాన్ని చింతపండు పెట్టి తోమవద్దు. తోమిన ప్రతిసారీ అక్షరం కొంత అరుగుతుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

ఆనాడు పాకల్లో ఉన్న పెద్దలు ఇప్పుడు లేరు. వాళ్ల మనవలూ మనవరాళ్లూ ముసలివాళ్లయ్యారు. ‘ఉద్యమం గురించి చెప్పండి’ అని అడిగితే బడి పుస్తకంలో ఉన్నదే చెబుతారు. ‘మగ్గాలు ఏం చేశారట? పాకలో ఎక్కడ వండేవారట? వర్షం పడితే ఎలా?’ అని అడగండి. నేతపని చేసినవారైతే చేతికి ఒక నాడె ఇచ్చి చూడండి. ముందు బొటనవేలితో దాని మొనను తడుముతారు, లోపల దారం చుట్టిన కండె పెట్టే చోట వేలు పెట్టి చూస్తారు, ఆ తర్వాత మాట దానంతట అదే వస్తుంది. ఫోన్లో రికార్డు చేయడానికి ముందు అనుమతి అడగండి. ఫ్యాను ఆపండి, దాని హోరు మాటను మింగేస్తుంది. రికార్డు మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు పలకండి.

ఇక భద్రపరచడం. మాది సముద్రానికి దగ్గర ఊరు, ఉప్పుగాలీ తేమా పెద్ద శత్రువులు. బీరువాను గోడకు ఆనించవద్దు. పాత చీరలను మడతపెడితే మడత దగ్గర జరీ విరుగుతుంది, అట్ట గొట్టానికి ఉతికిన తెల్లగుడ్డ చుట్టి, దాని మీద చీరను చుట్టండి. నంబరు గుడ్డపట్టీ మీద రాసి అంచున రెండు వదులు కుట్లు వేయండి. ఎండ తగలనివ్వవద్దు. ఫోటో వెనుక మెత్తని పెన్సిలుతోనే రాయండి. చిరిగిన కాగితానికి సెల్లోటేపు అంటించవద్దు, లామినేషన్ అసలే వద్దు, ఆ ప్లాస్టిక్‌ను మళ్లీ ఊడదీయడం చాలా కష్టం. తాళపత్రాలు దొరికితే నిమ్మగడ్డి నూనె పూస్తారని వినే ఉంటారు, కానీ ఆకు పెళుసుగా ఉన్నా, అక్షరాలు సిరాతో రాసినవైనా చెయ్యి పెట్టకుండా తెలిసినవారికి చూపించండి.

చట్టం విషయంలో మొహమాటపడవద్దు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన శిల్పాలూ నాణేలూ, చారిత్రక విలువ ఉండి 75 ఏళ్లు దాటిన రాతప్రతులూ పురావస్తువుల కిందకు వస్తాయి. వాటిలో కొన్ని రకాలను ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. పొలం దున్నుతుంటే విలువైనది ఏదైనా బయటపడితే 1878 నాటి నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలపాలి. ఎవరైనా గుడి విగ్రహం తెచ్చి ఇస్తానంటే తీసుకోవద్దు.

రిజిస్టరు ప్రతి పేజీనీ నెలకోసారి ఫోటో తీసి, స్కాన్‌లతో పాటు రెండు వేర్వేరు ఇళ్లలో హార్డ్‌డిస్కుల్లో ఉంచండి. గది తాళం రెండోది బడి పంతులుగారి దగ్గరో గ్రంథాలయంలోనో పెట్టండి. వారంలో ఒక్క పూట తెరిచినా చాలు, ఆ పూట మాత్రం తప్పకుండా తెరవండి.