కారు టైర్లు విప్పే స్టాండు మనమే చేసుకుందాం

కావలి నుంచి ఒంగోలు దాకా హైవే పక్కన చిన్న పంక్చర్ షాపుల్లో ఇప్పటికీ కారు టైరును నేల మీద పడేసి సమ్మెటతో బాదుతున్నారు. రిమ్ము అంచు వంగిపోతుంది, టైరు అంచులోని తీగ తెగిందంటే ఆ టైరు ఇక పనికిరాదు, కుర్రాళ్ల నడుములు చెప్పనే అక్కర్లేదు. వెల్డింగ్ వస్తే చాలు, పాత ఇనుముతో ఒక స్టాండు లేపొచ్చు.

ముందు మధ్య పైపు. రెండంగుళాల జీఐ పైపు తేకండి, దాని బయటి కొలత 60 మిల్లీమీటర్లు, స్విఫ్ట్ రిమ్ము నడిమి బొక్కేమో 54, దూరనే దూరదు. ఒకటిన్నర అంగుళం పైపు బయట 48 ఉంటుంది, సులువుగా దిగుతుంది, కాకపోతే మందం ఎక్కువుండే సీ క్లాసే అడగండి. కింద ఛానల్ ఇనుముతో ప్లస్ ఆకారంలో కాళ్లు, నేల నుంచి రెండడుగుల ఎత్తులో రిమ్ము కూర్చోడానికి ఆరంగుళాల గుండ్రటి ప్లేటు. దాని మీద పైపు నడిమధ్య నుంచి 50 మిల్లీమీటర్ల దూరంలో 10 మిల్లీమీటర్ల పిన్ను నిలబెడితే, అది స్విఫ్ట్ బోల్టు బొక్కలో దిగి చక్రం తిరగకుండా పట్టుకుంటుంది. వేరే బండ్లు కూడా వస్తాయనుకుంటే పిన్ను జరిగేలా గాడి కోయించండి.

రిమ్ముకి బిగుసుకున్న టైరు అంచుని వదిలించే లివరు కింద కాళ్ల దగ్గరే పెట్టాలి. అయిదడుగుల లివరుకి ఇరుసు నుంచి అడుగు దూరంలో నొక్కే ప్లేటు ఉంటే, చివర 40 కేజీల బలం వేసినా టైరు మీద 200 కేజీలు పడుతుంది. ఆ ప్లేటు అంచుని గ్రైండింగ్ పట్టి నున్నగా చేయండి, పదును ఉంటే టైరు కోసేస్తుంది.

మన షెడ్లలో చాలాచోట్ల కడప బండలే కదా, వాటి మీద యాంకర్ బోల్టులు నిలవవు. బండలు లేపి కాంక్రీటు దిమ్మె పోసి అందులో బిగించండి.

ఇక వాడకం. వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోయాక రెండు వైపులా అంచు వదిలించి, సబ్బు నీళ్లు ధారాళంగా పూయండి. రిమ్ము మధ్యలో లోతైన గాడి ఉంటుంది. ఎక్కువ రిమ్ములకి అది బయటి ముఖం వైపు ఉంటుంది కాబట్టి ఆ ముఖాన్ని పైకి పెట్టండి. టామీ, అంటే టైరు అంచుని పైకి లేపే ఇనుప కడ్డీ, వేసిన చోటుకి సరిగ్గా ఎదురుగా టైరుని మోకాలితో ఆ గాడిలోకి నొక్కి ఉంచితేనే ఇటువైపు వదులు వస్తుంది. టైరు రాకపోతే టామీకి ఇంకో పైపు తొడగకండి, ఎదుటి అంచు గాడిలోంచి పైకి ఎక్కిందేమో చూడండి.

గాలి కొట్టేటప్పుడు 40 పీఎస్ఐ దాటినా టైరు అంచు రిమ్ములో కూర్చోకపోతే గాలి తీసేసి మళ్లీ సబ్బు పూయండి. చీమకుర్తి గ్రానైట్ లారీలకి లాక్ రింగు చక్రాలు, అంటే టైరుని విడి ఇనుప రింగు పట్టి ఉంచే చక్రాలు, వస్తే మాత్రం ఈ స్టాండు దగ్గరికి రానివ్వకండి. ఆ రింగు ఎగిరితే మనిషి ప్రాణమే పోతుంది, వాటికి ఇనుప పంజరం ఉన్న షాపుకే పంపండి.