పోర్ట్‌ఫోలియో సర్దే ముందు

బరోడా, శాంతినికేతన్ కళాభవన్ లాంటి చోట్ల ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ సీటు కోసం బొమ్మలు పట్టుకుని వెళ్తున్నారా? రైలెక్కే ముందు ఇవి చూసుకోండి.

- బొగ్గు బొమ్మలకి ఫిక్సేటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టారా? ముందు చిత్తు కాగితం మీద కొట్టి చూడండి. కిటికీ తెరిచి, అడుగు దూరం నుంచి, పల్చగా రెండుసార్లు. ఒకేసారి తడిపేస్తే మరకలు పడతాయి. ఆరాక కూడా మధ్యలో బటర్ పేపర్ పెట్టాలి. నా మొదటి ఫోల్డర్‌లో అమ్మమ్మ ముఖం సగం పై కాగితానికి అంటుకుపోయింది.
- ఆయిల్ పేస్టల్ బొమ్మల్ని చుట్టకండి.
- సినిమా హీరోల ఫొటో చూసి దించినవి తీసేయండి, ఎంత బాగా వచ్చినా సరే. బస్టాండులో కునికిపాట్లు పడేవాళ్లని చూసి గీసిన స్కెచ్‌బుక్ మాత్రం, అంచులు నలిగినా, తప్పక పెట్టండి. మీ చూపు తెలిసేది అందులోనే.
- వెనక పేరు, కొలతలు పెన్సిల్‌తోనే, మెల్లగా. బాల్‌పెన్ నొక్కు ముందుకి తేలుతుంది.
- వానాకాలమైతే ఫోల్డర్‌కి ప్లాస్టిక్ కవర్.