టూరింగ్ బండి ఇంజను కింద ఆయిల్ చుక్క: ఎక్కడిది, ఎందుకు, ఏం చేయాలి

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడల మీదుగా సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న ఒడిశాలోని కొరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారి మీద గానీ, బరంపురం నుంచి తప్తపాణి ఘాట్ గుండా మోహనా వైపు పోయే దారిలో గానీ సామాన్లు కట్టిన టూరింగ్ బండి (దూరప్రయాణాల మోటార్ సైకిల్) చాలాసేపు రెండో గేరులోనూ మూడో గేరులోనూ నడవవలసి వస్తుంది. ఇంజను బాగా వేడెక్కి ఆయిల్ పలచబడుతుంది. కింద రాళ్లు తగులుతాయి, ఎర్ర దుమ్ము అన్ని సందుల్లోకీ చేరుతుంది. అంతవరకు పొడిగా ఉన్న ఇంజను మీద తడి మరక బయటపడేది సాధారణంగా అటువంటి ప్రయాణం తర్వాతే.

రాయగడ, జయపురం, పర్లాకిమిడి, బరంపురం వంటి ఊళ్లలో తెలుగు మాట్లాడే మెకానిక్కులకు కొదవ లేదు. అయితే పెద్ద బండ్ల గాస్కెట్లు (అతుకుల మధ్య పెట్టే పలచటి పొరలు), ఆయిల్ సీళ్లు (తిరిగే షాఫ్టుల చుట్టూ ఉండే రబ్బరు వలయాలు) అన్నిసార్లూ అక్కడే దొరకవు. విజయనగరం నుంచో విశాఖపట్నం నుంచో తెప్పించుకోవలసి వస్తుంది. అందువల్ల ఏ భాగం పోయిందో తేల్చుకోకుండా ఇంజను విప్పిస్తే బండి విప్పిన స్థితిలోనే రోజుల తరబడి షాపులో ఉండిపోతుంది. లీకు చిన్నదైనప్పుడు తొందర అవసరం లేదు. ఎక్కడి నుంచి వస్తోందో తెలిసేదాకా స్పానరు పట్టుకోకపోవడమే మంచిది.

అది ఇంజను ఆయిలేనా?

చుక్కను తెల్లకాగితానికి అద్ది వెలుతురులో చూడాలి. ఇంజను ఆయిల్ కొత్తదైతే తేనె రంగులో, పాతదైతే నల్లగా ఉంటుంది. వేళ్ల మధ్య జారుతుంది, త్వరగా ఆరదు. కూలెంట్ ఆకుపచ్చగానో గులాబీగానో నీలంగానో ఉండి, నీళ్లలా పలచగా, తియ్యటి వాసనతో ఉంటుంది; అది విషం కనుక నోట పెట్టకూడదు. బ్రేక్ ఆయిల్ పడిన చోట పెయింటు లేచిపోతుంది. ముందు ఫోర్కు సీలు పోతే ఫోర్కు గొట్టం మీద తడి వలయం కనిపిస్తుంది, గాలికి ఆ తడి ఇంజను ముందు భాగానికి కూడా చేరుతుంది. పెట్రోలును వాసనతోనే గుర్తుపట్టవచ్చు. అది కారుతుంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు దాన్ని చూడాలి.

అందరినీ ఎక్కువగా పొరపాటు పడేటట్టు చేసేది మాత్రం చైనుకు కొట్టే స్ప్రే. చాలా బండ్లలో ఎడమవైపు ఉండే ముందు స్ప్రాకెట్ కవరు లోపల ఆ స్ప్రే, దుమ్ము కలిసి నల్లటి ముద్దగా పేరుకుంటాయి. ఇంజను వేడికి ఆ ముద్ద కరిగి, కవరు అడుగు నుంచి చుక్కలుగా పడుతుంది. ఆ కవరు తీసి, గోకి, శుభ్రం చేసిన తర్వాత లీకు మళ్లీ కనిపించకపోతే అసలు లీకే లేదన్నమాట.

తుడవకుండా వెతకకూడదు

ఆయిల్ బయటకు వచ్చిన చోటు, మనకు కనిపించిన చోటు ఒకటి కానవసరం లేదు. బండి నడుస్తున్నప్పుడు గాలి దాన్ని వెనక్కు తోస్తుంది, దాని బరువు కిందికి లాగుతుంది. కాబట్టి తడిసిన ప్రాంతంలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందు ఉన్న బిందువునే అనుమానించాలి. కొరాపుట్, దామన్‌జోడి పరిసరాల ఎర్ర దుమ్ము ఈ పనిలో కొంత సాయపడుతుంది కూడా: ఆయిల్ ఉన్న చోటే అది ముద్దగా అంటుకుంటుంది, పొడి లోహం మీద చేత్తో తుడిస్తే రాలిపోతుంది.

ఇంజను కింద రక్షణ పలక ఉంటే ముందు దాన్ని విప్పాలి. పాత ఆయిలంతా అందులోనే నిలిచి ఉండి, కొత్త లీకు ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. చల్లారిన ఇంజనును కిరసనాయిలు, పాత బ్రష్షుతో కడిగి గుడ్డతో పొడిగా తుడవాలి. వాటర్ సర్వీసింగ్ చేయిస్తే ప్రెషర్ గన్నును బ్రీదర్ పైపు (ఇంజను లోపలి ఒత్తిడిని బయటికి వదిలే గొట్టం), వైరింగు కనెక్టర్ల మీదికి తిప్పనివ్వకూడదు. కిరసనాయిలు పూర్తిగా ఆరిన తర్వాత అనుమానం ఉన్న అతుకుల మీద ముఖానికి రాసుకునే పౌడరు పలచగా చల్లి, ఇంజనును పది, పదిహేను నిమిషాలు నడిపి, టార్చి వెలుతురులో చూడాలి. ఆ తెల్లటి పొర మీద మొదట గాస్కెట్ అంచు వెంట వెంట్రుక మందాన బూడిదరంగు గీత ఒకటి తేలుతుంది. కాసేపటికి దాని దిగువ కొస దగ్గర తడి గుండ్రంగా ఉబ్బి, కిందికి జారుతుంది. ఆ గీత మొదలైన చోటే లీకు ఉన్న చోటు. పౌడరుతో తేలకపోతే ఆయిల్‌లో రంగు మందు కలిపి అతినీలలోహిత టార్చితో వెతికే పద్ధతి ఉంది, కాని చిన్న లీకులకు అంతదాకా పోవలసిన అవసరం అరుదు.

ఆగి ఉన్నప్పుడా, నడిచినప్పుడా?

నా ఉద్దేశంలో సగం నిర్ధారణ ఈ ఒక్క ప్రశ్నతోనే అయిపోతుంది. రాత్రి బండి కింద అట్ట పరిచి, తెల్లవారాక చూడాలి. ఆగి ఉన్న ఇంజనులో ఆయిల్ అడుగున నిలిచి ఉంటుంది కనుక, రాత్రంతా కారిందంటే లీకు ఆ ఆయిల్ మట్టానికి దిగువనే ఉండాలి: డ్రెయిన్ బోల్టు, జల్లెడ మూత, ఫిల్టర్ కవరు, కింది వైపు సీళ్లు, లేదా పగులు. అట్ట పొడిగా ఉండి, ప్రయాణం తర్వాత మాత్రమే ఇంజను తడిస్తే లీకు మట్టానికి పైన గానీ, ఆయిల్ ఒత్తిడితో పారే దారిలో గానీ ఉంటుంది: ట్యాపెట్ కవరు (ఇంజను పై మూత), హెడ్ (దాని కింద, సిలిండర్ మీద ఉండే భాగం), ఆయిల్ కూలర్ పైపులు. ఒక రాత్రి సైడ్‌స్టాండు మీద, మరొక రాత్రి సెంటర్‌స్టాండు మీద పెట్టి చూస్తే ఇంకా స్పష్టమవుతుంది. సైడ్‌స్టాండు మీద మాత్రమే చుక్కలు పడితే ఎడమవైపు కవర్లను, సీళ్లను అనుమానించాలి.

చుక్కలను చూసి బెంబేలెత్తనక్కర లేదు. సుమారు 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు అవుతుంది. రాత్రికి ఐదు చుక్కల వంతున నెలంతా కారినా పోయేది ఏడెనిమిది మిల్లీలీటర్లే. అయితే ఈ లెక్క ఆగి ఉన్న బండికే వర్తిస్తుంది. ప్రయాణంలో ఎంత పోతోందో తెలియాలంటే, బండి పుస్తకంలో చెప్పిన పద్ధతిలో, బండిని నిటారుగా నిలబెట్టి, ప్రతి ఉదయం ఆయిల్ మట్టం చూడటమే మార్గం.

లక్షణం: తెల్లవారేసరికి ఇంజను అడుగున చుక్క, పైన అంతా పొడి

ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే ఇది మొదలైతే కారణం డ్రెయిన్ బోల్టు వాషరు అయి ఉండే అవకాశమే ఎక్కువ. రాగి లేదా అల్యూమినియం వాషరు మెత్తటి లోహం. బిగించినప్పుడు నలిగి సందును మూయడం దాని పని. ఒకసారి నలిగిన వాషరును గోటితో తడిమితే బోల్టు తల ఒత్తుకున్న గాడి స్పష్టంగా తగులుతుంది, ఆ గాడికి అడ్డంగా చిన్న గీత ఉన్నా చాలు, ఆయిల్ దాని వెంట బయటికి వస్తుంది. వాషరు ఖరీదు స్వల్పం. ఆయిల్ మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి. వాషరు కూర్చునే ముఖాన్ని శుభ్రంగా తుడిచి, బోల్టును చేత్తో తిప్పగలిగినంతవరకు తిప్పి, చివర టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే స్పానరు) పుస్తకంలో ఉన్న అంకె దాకా మాత్రమే బిగించాలి. చాలా బండ్లలో ఆ అంకె 20 నుంచి 30 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది.

"బాబూ, ఇంకో అర చుట్టు బిగిస్తే ఆగిపోద్ది" అని షాపులో అంటే ఒప్పుకోకూడదు. క్రాంక్ కేసు (ఇంజను అడుగు పెట్టె) అల్యూమినియం, బోల్టు ఉక్కు. బలం ఎక్కువైతే తెగేది క్రాంక్ కేసు మరలే. ఐదు నిమిషాల వాషరు పని అప్పుడు లేతు షాపు పనిగా మారుతుంది. మరలు ఇప్పటికే పోయి ఉంటే లోపల ఉక్కు తీగ చుట్టతో కొత్త మరలు వేయించడమే సరైన మరమ్మతు. బోల్టుకు టెఫ్లాన్ టేపు చుట్టి నెట్టుకురావడం మరమ్మతు కాదు. తెగిన టేపు ముక్కలు ఆయిల్ జల్లెడకు అడ్డుపడతాయి.

లక్షణం: సర్వీసు అయిన వెంటనే కుడివైపు తడి

ఫిల్టర్ కవరు ఓ-రింగు (గుండ్రటి రబ్బరు వలయం) మెలిపడి ఉంటుంది, లేదా పాత రింగు తీయకుండా దాని మీదే కొత్తది వేసి ఉంటారు. విప్పి, గాడి తుడిచి, కొత్త రింగుకు ఆయిల్ రాసి కూర్చోబెడితే సరిపోతుంది. క్లచ్ కవరు అయితే గాస్కెట్ మార్చాలి. కవరు బోల్టులను ఒక్కొక్కటిగా పూర్తిగా బిగించకుండా, ఎదురెదురుగా, రెండు మూడు దఫాల్లో బిగించాలి. 6 మిల్లీమీటర్ల బోల్టులకు సాధారణంగా 10 నుంచి 12 న్యూటన్ మీటర్లు చాలు.

ఇక్కడ అనబాండ్ (గాస్కెట్ బదులు పూసే సీలెంట్ ముద్ద) గురించి ఒక మాట. గాస్కెట్ దొరకని ఊళ్లో దాన్ని మందంగా పూసి కవరు మూసేయడం మామూలే. తప్పనిసరైతే పలచటి పొర పూయవచ్చు, కాని ఎక్కువైన పదార్థం లోపలికి కూడా ఒత్తుకుని, తెగి, ఆయిల్ జల్లెడలోకి పోతుంది. బయట చుక్క ఆగి లోపల ఆయిల్ ప్రవాహం తగ్గడం కంటే చుక్క పడటమే నయం.

లక్షణం: ఎడమవైపు స్ప్రాకెట్ వెనుక తడి

కవరు శుభ్రం చేసిన తర్వాత కూడా పలచటి ఆయిల్ వస్తుంటే గేర్ బాక్సు నుంచి స్ప్రాకెట్‌కు వచ్చే షాఫ్టు సీలు పోయినట్టే. టూరింగ్ బండ్లలో దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంటుంది. ఖాళీ బండి మీద చైను సరిగ్గానే కనిపిస్తుంది. వెనుక మనిషి, పెట్టెలు, సంచులు ఎక్కాక వెనుక సస్పెన్షన్ కుంగి చైను బిగుసుకుంటుంది, ప్రతి గుంటలోనూ షాఫ్టును వెనక్కు లాగుతుంది. ఆ లాగుడుకు మొదట సీలు, తర్వాత బేరింగు పాడవుతాయి. కనుక సీలు మార్చే ముందు స్ప్రాకెట్‌ను పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడాలి. స్పష్టమైన ఆట (వదులు కదలిక) ఉంటే కొత్త సీలు కూడా నిలవదు. ఆట లేకపోతే పాత సీలును షాఫ్టుకు గీత పడకుండా తీసి, కొత్త సీలు పెదవికి గ్రీజు రాసి, స్ప్రింగు ఉన్న ముఖం ఇంజను లోపలి వైపు ఉండేలా, సీలు వెలుపలి వ్యాసానికి సరిపడే సాకెట్‌తో సమంగా నొక్కాలి. తర్వాత చైను వదులును పుస్తకం ప్రకారం సరిచేయాలి.

తడి స్ప్రాకెట్ దగ్గర కాక మ్యాగ్నెట్ కవరు పై అంచున ఉంటే వైర్లు బయటికి వచ్చే చోట ఉన్న రబ్బరు బిరడాను చూడాలి. ఎండిపోయిన రబ్బరు చుట్టూ సన్నగా సీలెంట్ పూస్తే చాలా బండ్లలో ఆగిపోతుంది.

లక్షణం: ఘాట్ ఎక్కాక కాలిన వాసన, హెడ్ దగ్గర తడి

ముందుగా ట్యాపెట్ కవరు గాస్కెట్‌ను అనుమానించాలి. వేడికి రబ్బరు గట్టిపడి, చల్లగా ఉన్నప్పుడు పొడిగానే ఉండి, వేడెక్కాక మాత్రమే చెమరుస్తుంది. గాస్కెట్‌తో పాటు కవరు బోల్టుల కింది రబ్బరు వాషర్లను కూడా మార్చాలి. సిలిండర్ వెనుక ఉండే టైమింగ్ చైను టెన్షనర్ గాస్కెట్ నుంచి కారితే చూడటానికి హెడ్ లీకులాగే ఉంటుంది, కాని పని చాలా చిన్నది. హెడ్ విప్పించే ముందు అద్దం పెట్టి అక్కడ చూడటం అవసరం. నిజంగానే హెడ్ లేదా సిలిండర్ అడుగు గాస్కెట్ అయితే, చెమర్చడం మాత్రమే ఉన్నంతకాలం మట్టం చూసుకుంటూ ఇంటికి చేరవచ్చు. ఆ పని దారిలో చేయించేది కాదు.

ఘాట్ దిగి మళ్లీ యాక్సిలరేటర్ తిప్పగానే నీలి పొగ రావడం లీకు కాదు. అది వాల్వు సీళ్ల అరుగుదల. అలాగే పొట్టంగి, సెమిలిగుడ వైపు డిసెంబరు చలిలో కొద్ది దూరాలే తిరిగే బండి ఆయిల్ మూత లోపల మీగడలాంటి పొర పేరుకుంటే, అది తరచుగా తేమ చేరినందువల్ల వచ్చేదే. ఎక్కువ దూరం నడిపాక పోతుంది. పోకుండా కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్‌ను పరీక్షించాలి.

లక్షణం: ఒకేసారి రెండు మూడు చోట్ల తడి, ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో ఆయిల్

మూడు సీళ్లు ఒకే వారంలో పోవు. ఇటువంటప్పుడు సీళ్లను వదిలేసి క్రాంక్ కేసులోని ఒత్తిడిని చూడాలి. మొదటి కారణం ఆయిల్ ఎక్కువ పోయడం. దూరప్రయాణం కదా అని గరిష్ఠ గీత దాటించి పోసే అలవాటు చాలామందికి ఉంది. కనిష్ఠ, గరిష్ఠ గీతల మధ్యకు వచ్చేదాకా తీసేస్తే కొన్నిసార్లు అన్ని లీకులూ ఆగిపోతాయి. రెండోది బ్రీదర్ పైపు: ట్యాంకు కింద నలిగిందేమో, మట్టితో పూడుకుందేమో చూసి, ఊది, కడగాలి. ఈ రెండూ సరిగా ఉండి, నీలి పొగ, ఆయిల్ తగ్గుదల కూడా కనిపిస్తే పిస్టన్ రింగులు అరిగి, మండిన వాయువులు కిందికి దిగుతున్నాయని భావించి కంప్రెషన్ పరీక్ష (సిలిండర్‌లో ఒత్తిడి కొలవడం) చేయించాలి.

లక్షణం: రాయి తగిలిన తర్వాత అడుగున ధార

ఇది చిన్న లీకు కోవలోకి రాదు, కాని ఈ కొండదారుల్లో జరిగేదే. ఇంజను వెంటనే ఆపాలి. ఆయిల్ దీపం వెలిగినా, వెనుక టైరు మీద ఆయిల్ పడినా అదే నియమం. టైరును సబ్బునీటితో కడగాలి, డిస్కును బ్రేక్ క్లీనరుతో తుడవాలి, ఆయిల్ తాగిన బ్రేక్ ప్యాడ్లను మార్చాలి. పగులు వెంట్రుకంత ఉంటే బండిని రెండో వైపుకు వంచి లేదా ఆయిల్ దించి, ఆ చోటును పెట్రోలుతో జిడ్డు లేకుండా తుడిచి, ఎమరీ కాగితంతో గరుకు చేసి, ఎం-సీల్ కలిపి నొక్కి, పూర్తిగా గట్టిపడేదాకా ఆగాలి. జిడ్డు మిగిలితే అది అంటుకోదు. తగ్గిన ఆయిల్‌కు మోటార్ సైకిళ్ల క్లచ్‌కు సరిపడే ఎంఏ2 రకం దొరకకపోతే, ధాబా దగ్గరి దుకాణంలో దొరికే లారీ ఆయిల్ కొద్దిగా పోసి మట్టం నిలబెట్టుకోవచ్చు. ఊరు చేరాక మొత్తం మార్చేయాలి. అతుకు వేసిన బండిని నెమ్మదిగా, పది కిలోమీటర్లకొకసారి ఆపి అడుగు చూసుకుంటూ, ఆర్గాన్ వెల్డింగు చేసే షాపున్న ఊరి దాకా మాత్రమే తీసుకుపోవాలి.