ఎండాకాలం అవుట్‌డోర్ షూట్‌లకి లైట్ కొనేముందు, బ్యాగ్ సర్దేముందు

మే ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి కదా, వారం నుంచి కుర్రాళ్ల ఫోన్లు ఒకటే, అన్నా ప్రీవెడ్డింగ్‌కి ఏ లైట్ తీసుకోను, 200 వాట్ సెకన్ల (ఫ్లాష్ పవర్‌కి కొలత) లైట్ సరిపోద్దా, 600 ది కొనాలా అని. నేను తిరిగి అడిగేది ఒకటే, నీతో పాటు స్టాండ్ పట్టుకునే మనిషి వస్తాడా రాడా? ఎందుకంటే మన బెజవాడలో పవర్ చాలక పాడైన షూట్ల కంటే గాలికి స్టాండ్ పడిపోయో, వేడికి బ్యాటరీ చేతులెత్తేసో మధ్యలో ఆగిపోయినవే నేను ఎక్కువ చూశా.

నాదే చెప్తా. కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్, సాయంత్రం ఐదున్నర, ఆకు కూడా కదలట్లేదు, అందుకే బరువు కట్టకుండా వెలుగుని మెత్తగా పరిచే తెల్ల అంబ్రెల్లా పెట్టి లైట్ ఎత్తేశా. పెళ్లికూతురి కొంగు ఒక్కసారి లేచింది, అబ్బ ఫ్రేమ్ భలే ఉందే అని కన్ను వ్యూఫైండర్‌కి అలాగే అతికించి నొక్కుతూ ఉన్నా, వెనకాల మెట్ల మీద ఠప్ మని సౌండ్. కొంగుని లేపిన గాలే అంబ్రెల్లానీ లేపింది మరి. ట్యూబ్ పగిలింది, బ్రాకెట్ వంగింది, ఆ రోజు మిగతా షూటంతా రిఫ్లెక్టర్ మీదే లాగించా.

అప్పట్నుంచి ఏటిఒడ్డున అంబ్రెల్లా తెరవను. 60 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ (లైట్‌కి తొడిగే తెల్లగుడ్డ పెట్టె) చాలు, 120 సెంటీమీటర్ల ఎనిమిది పలకల ఆక్టా అంటారా, అది ఫంక్షన్ హాల్లో పెట్టుకోండి, బయట అది తెరచాపే. స్టాండ్ కాళ్లు బాగా వెడల్పుగా తెరిచి, లైట్ ఎటు వంగి ఉందో ఆ వైపుకి ఒక కాలు ఉండేలా పెట్టాలి. బరువుకి శాండ్‌బ్యాగ్ మోసుకెళ్లక్కర్లా, ఖాళీ సంచి పట్టుకెళ్లి అక్కడ ఇసుక నింపి కట్టొచ్చు, కాకపోతే అది గాల్లో ఊగకుండా నేలకి కొంచెం తగులుతూ ఉండాలి, ఊగితే అదే స్టాండుని లాగేసిద్ది. గుంటూరు వాళ్లకి మాత్రం ఒక మాట, ఇంట్లో ఉందిగదా అని మిర్చి టిక్కీ గోతం తీసుకెళ్లకండి, ఒకసారి దులిపితే పెళ్లికూతురు కాజల్ మొత్తం కారిపోద్ది, తుమ్ములు ఆగవు.

ఇక పవర్ సంగతి. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్ఓ 100, షట్టర్ 1/200 పెడితే అపర్చర్ (లెన్స్ తెరుచుకునే కన్నం) ఎఫ్ 11 దగ్గర ఉంటది, అంటే ఫ్లాష్ ఆ ఎఫ్ 11కి అందుకోవాలి. కెమెరా మీద పెట్టే స్పీడ్‌లైట్లు 76 వాట్ సెకన్ల దగ్గర ఉంటాయి, సాఫ్ట్‌బాక్స్ తొడిగాక ఆ ఎండలో అవి ఆయాసపడతాయి. గోడాక్స్ ఏడీ 200 లాంటిది కిలో లోపే ఉంటది, 600 ది దగ్గర దగ్గర 3 కిలోలు, మూడు రెట్లు బరువు మోస్తే వచ్చే వెలుగు ఒకటిన్నర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు) ఎక్కువ, అంతే. అదే లైటుని 2 మీటర్ల నుంచి 1 మీటర్‌కి జరపండి, 2 స్టాపులు ఊరికే వస్తాయి. నడుము నుంచి పైకి తీసే పోర్ట్రెయిట్లకి 200 చాలు, లైట్ దగ్గరగా పెట్టుకోవచ్చు కాబట్టి. లెహంగా అంచు దాకా కనపడాలి, అదీ పన్నెండింటికే కావాలి అనే పార్టీలు ఎక్కువైతే అప్పుడు 400, 600 ఆలోచించండి, అదీ మనిషి తోడుంటేనే.

బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ కావాలని అపర్చర్ పెద్దగా తెరిచి, షట్టర్ 1/200 కంటే బాగా వేగంగా ఉన్నా ఫ్లాష్ పనిచేసే హైస్పీడ్ సింక్ పెట్టి టకటకా కొడుతుంటారు చూడండి, అందులో ఫ్లాష్ పవర్ 2 స్టాపుల దాకా పోద్ది, పైగా ఈ వేడిలో హెడ్ కాలిపోయి ఓవర్‌హీట్ అని ఆగిపోద్ది. లెన్స్‌కి ఎన్‌డీ 8 ఫిల్టర్ (వెలుగు తగ్గించే నల్లద్దం) పెట్టుకుంటే 3 స్టాపులు తగ్గి అదే 1/200 దగ్గర ఎఫ్ 4 వచ్చిద్ది, ఫ్లాష్ కూడా ఊపిరి పీల్చుకుంటది. ఎల్‌ఈడీ లైట్లు వీడియో వాళ్లకి తప్పవు, సాయంత్రం తర్వాత బానే ఉంటాయి, కానీ మధ్యాహ్నం ఎండకి 60 వాట్ల ఎల్‌ఈడీ ఎదురుపెడితే అది వెలుగుతోందో లేదో చెయ్యి అడ్డం పెట్టి చూసుకోవాలి.

బ్యాటరీలు అసలు భయం. కారు ఎండలో పెట్టి డిక్కీలో లిథియం బ్యాటరీలు వదిలేసి భోజనానికి పోవద్దు, వెంట తీసుకెళ్లండి. వేడి తగలకుండా థర్మాకోల్ డబ్బాలో పెడితే చాలు, ఐస్ మాత్రం వేయొద్దు, చెమ్మ పట్టిద్ది. వాడి తీసిన బ్యాటరీ వేడిగా ఉండగానే చార్జింగ్ పెట్టకండి, చల్లారనివ్వండి. పొట్ట ఉబ్బినట్టు కనపడితే ఇంకొక్క షూట్‌కి అని మొహమాటపడకుండా పక్కన పడేయండి, చెత్తబుట్టలో కాదు, ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇవ్వండి. ఏసీ కారులోంచి కెమెరా ఒక్కసారిగా బయటికి తీస్తే లెన్స్ మీద మంచు పట్టేసిద్ది, బ్యాగ్ జిప్ తియ్యకుండా ఓ ఇరవై నిమిషాలు బయట ఉంచితే సరిపోద్ది.

మేలో నాలుగింటికి మబ్బు కమ్మి ఈదురుగాలి మొదలైందంటే ఆ మబ్బుల్లో ఇంకో నాలుగు ఫ్రేములు డ్రమాటిక్‌గా వస్తాయని ఆశపడొద్దు. ముందు స్టాండ్ దించేయండి, ఉరుము వినపడితే అసలు ఆ ఇనప కడ్డీ పక్కన ఎవరూ ఉండకూడదు, జంటని తీసుకుని బిల్డింగ్‌లోకో కారులోకో వెళ్లిపోండి, చెట్టు కిందకి కాదు. ఘాట్ మెట్ల మీద పాచి ఉంటది, మోకాలి లోతే కదా అని జంటని నీళ్లలోకి దించొద్దు, తడిసిన పట్టుచీర బరువు మీకు తెలీదు.

ఉండవల్లి గుహలు పురావస్తు శాఖ కిందవి, స్టాండ్లు లైట్లు పెట్టాలంటే ముందే వెళ్లి పర్మిషన్ కనుక్కుని రండి, గేట్ దగ్గర వాచ్‌మన్‌తో బేరాలు ఆడితే పెళ్లివాళ్ల ముందు మనకే తలొంపు. భవానీ ఐలాండ్‌కి పోతుంటే బోటులో లైట్లన్నీ ప్లాస్టిక్ కవర్లో కట్టి ఒళ్లో పెట్టుకోండి.

ఇంకోటి, ముహూర్తాల ముందు ఒకే ఘాట్‌లో మూడు టీములు ఉంటాయి, అందరివీ అవే ట్రిగ్గర్లు (కెమెరా మీద ఉండి ఫ్లాష్‌ని వైర్ లేకుండా వెలిగించేవి), అందరూ ఒకటో చానెల్‌లోనే. మీ ఫ్లాష్ దానంతటదే వెలుగుతుంటే దెయ్యం పట్టలేదు, పక్క టీమ్ వాడు నొక్కుతున్నాడు. చానెల్‌తో పాటు ఐడీ కూడా మార్చుకోండి, లైట్ మీదా ట్రిగ్గర్ మీదా రెండిట్లో.

ముందు రోజు రాత్రే అన్నీ చార్జ్ పెట్టి, ట్రిగ్గర్‌కి రెండు కొత్త పెన్సిల్ సెల్స్ విడిగా పర్సులో వేసుకోండి. చార్జ్ అయిన ప్రతి బ్యాటరీకీ ఒక రబ్బర్ బ్యాండ్ చుడతా నేను, వాడేటప్పుడు తీసేస్తా, బ్యాండ్ లేకపోతే అది ఖాళీ అన్నట్టు, హడావిడిలో అసిస్టెంట్‌ని అడగక్కర్లేదు.