కోనసీమలో టెంటు వేసుకోవాలంటే ఏం కొనాలి?

టెంటు సామాను అమ్మేవాళ్లు చలి గురించే చెబుతారు. కొండలెక్కేవాళ్లకి అది సరే. మన అంతర్వేది, ఓడలరేవు వైపు పిల్లాజెల్లాతో ఓ రాత్రి పడుకోవాలంటే చూసుకోవాల్సింది గాలీ, చెమ్మా. సంక్రాంతికి కూడా మనకి దుప్పటి చాలు, స్లీపింగ్ బ్యాగులో ఉడికిపోతాం. ఆ డబ్బు పరుపు మీద పెట్టండి.

టెంటు మీద ‘నలుగురికి’ అని రాసుంటే, నలుగురూ భుజాలు ఆనించుకుని పడుకుంటే సరిపోతుందని అర్థం. సంచులకి చోటుండదు. మేమిద్దరం, పిల్లలిద్దరు, అత్తయ్యగారు, మొత్తం అయిదుగురం. 8 మంది టెంటు తీసుకున్నాం. మధ్యలో 6 అడుగుల ఎత్తుండాలని పట్టుబట్టింది నేనే. వంగి చీర కట్టుకోవడం నావల్ల కాదండీ. తప్పకుండా రెండు పొరలది కొనండి: లోపల దోమల వల, దానిమీద ఎడంగా వాన గుడ్డ. ఒకే పొరదైతే మన ఊపిరిలోని తేమ చల్లటి గుడ్డకి తగిలి నీరై, తెల్లారేసరికి దుప్పట్ల మీద కారుతుంది. రెండు పొరలుంటే ఆ నీరు పై గుడ్డ లోపలివైపు నుంచే కిందకి జారిపోతుంది.

టెంటుతో ఇచ్చే సన్నటి మేకులు తోటల్లో ఒండ్రుమట్టికి సరిపోతాయి గానీ ఇసుకలో నిలవవు. చిన్న గోనెసంచిలో ఇసుక నింపి, మూతికి టెంటు తాడు కట్టి, మోచేతి లోతున పాతి, పైన గట్టిగా తొక్కండి. ఇక మామూలు సముద్రపు గాలికి ఊడిరాదు.

కింద పరిచే టార్పాలిన్ టెంటు అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే వాననీళ్లు దానిమీద పడి టెంటు కిందకే చేరతాయి. దానిమీద టెంటు, లోపల తుంగచాప, ఆపైన పరుపు. గాలి పరుపు మీద ఒకరు దొర్లితే పక్కవాళ్లు లేస్తారు, అందుకని పిల్లలకి మడత ఫోము పరుపులే. అత్తయ్యగారు నేలమీద కూర్చుంటే లేవలేరు; ఆవిడకి మోకాలి ఎత్తు మడతమంచం, కాళ్ల కింద చెక్కముక్కలు. బయట కుర్చీ కాళ్లు ఇసుకలో దిగబడకుండా కొబ్బరి డొక్కలు పెట్టాం.

ఛార్జింగ్ ఫ్యానుండాలి. లైటు పసుపుదైతే పురుగులు తక్కువొస్తాయి. దోమల చక్రం, స్టవ్వు టెంటులోకి తేవద్దు, మూసిన గుడ్డలో ఆ పొగ ప్రమాదం.

కొబ్బరిచెట్టు కింద మాత్రం వేయకండి. కాయో మట్టో పడితే ఏ టెంటూ ఆపదు. రేవు దగ్గరైతే అమావాస్య, పౌర్ణములకి పోటు ఎక్కువ, తడి గీతకి బాగా పైన వేయండి.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, డాబా మీద పూర్తిగా ఆరాకే మడతపెట్టండి. ఉప్పుపట్టిన జిప్పు బిగుసుకుంటే కొవ్వొత్తి రుద్దితే జారుతుంది.