తోటలో కుంట కట్టను తుఫాన్ల ముందు ఇలా చూసుకోండి

పొదలకూరు దగ్గర మా బామ్మర్ది నిమ్మతోటలో చిన్న కుంట ఉంది. వాగుకి అడ్డంగా మట్టికట్ట, రెండు తెడ్డు పడవలు, ఆదివారమైతే పిల్లల గోల. ఆయన చూపంతా పడవల మీదే. నేను ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరైనవాణ్ణి, నాకు కట్టే కనిపిస్తుంది. మన నెల్లూరు జిల్లాకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా గనక, ఈ పనులన్నీ సెప్టెంబరులోనే ముగించండి.

ముందు కలుజు, అంటే కుంట నిండాక మిగులు నీళ్లు బయటికిపోయే దారి. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లడం మొదలైతే ఇక ఆపడం మన చేతిలో ఉండదు. 2021 నవంబరు 19న చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట అలాగే కొట్టుకుపోయింది. కలుజులో పెరిగిన తూటికాడ, తుంగ, కొట్టుకొచ్చిన కొమ్మలు తీసేయండి. చేపలు పోతాయని కొందరు అడ్డంగా వల కడతారు. మొదటి వరదకే దానికి చెత్త పట్టి నీళ్లు వెనక్కి తంతాయి. పడవలకి లోతు చాలదని ఇసుక మూటలు పేర్చి కలుజు ఎత్తడం అంతకన్నా పిచ్చిపని. కట్ట తల కలుజు కన్నా కనీసం మూడడుగులు ఎత్తుండాలి, అదీ పొడవునా. మేస్త్రీ లెవెల్ పైపు తెచ్చి పట్టి చూడండి. బైకులు ఎక్కేచోట జానెడు కుంగి ఉంటుంది.

తర్వాత కట్ట వెనక పాదం, అంటే నీళ్లు లేని దిగువవైపు కట్ట నేలని తాకే చోటు. ఎండాకాలంలో కూడా అక్కడ తుంగ పచ్చగా ఉంటే ఊట ఉన్నట్టే. ఆ నీళ్లు గాజుసీసాలో పట్టి కాసేపు కదల్చకుండా పెట్టండి. తేటగా ఉండి, రోజూ ఒకే తీరున కారుతుంటే కంగారు లేదు, గమనిస్తే చాలు. అడుగున మట్టి పేరుకుందంటే కట్ట లోపల కోసుకుపోతోంది. ఆ నోటిని బంకమట్టితో మూయకండి, నీళ్లు ఇంకోచోట దారి చేసుకుంటాయి. ముందు ఇసుక, దానిమీద సన్న కంకర చిప్స్, పైన లావు కంకర పరిస్తే నీళ్లు బయటికొస్తాయి, మట్టి లోపలే నిలుస్తుంది. ఇంజినీరుకి చూపిస్తూ తూము తెరిచి కుంట దించండి. మామూలుగా రోజుకి అడుగు మించకూడదు, తొందరపడితే నీళ్లవైపు తడిమట్టి జారిపోతుంది. కానీ బురదనీళ్లు గంటగంటకీ పెరుగుతుంటే ఆ లెక్కలన్నీ పక్కనపెట్టి, ముందు దిగువనున్న వాళ్లని ఖాళీ చేయించండి.

సర్కారు తుమ్మ వేలెడు మొక్కగా ఉన్నప్పుడే పెరికేయాలి. పెద్దదయ్యాక మొదలు నరికి వదిలేస్తే మళ్లీ చిగురిస్తుంది, చచ్చిన వేళ్లు కుళ్లినచోట లోపల సొరంగాలు మిగులుతాయి. అలాంటివాటికి కుంట దించి, వేళ్లు తవ్వితీసి పూడ్చాలి. పందికొక్కు బొరియలకీ ఇదే మందు, మూతి దగ్గర తట్టెడు మట్టి కొట్టి మురిసిపోతే లాభం లేదు. పూడ్చే మట్టి పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు. అరడుగు పొర వేసి, దిమ్మిసతో కొట్టి, మళ్లీ అరడుగు. పైన గరిక నాటండి.

పడవ కట్టే గుంజ కట్టలో పాతొద్దు. పక్కన గట్టి ఒడ్డు చూసి అక్కడ రేవు పెట్టుకోండి. తూము దగ్గరికి ఈతకి ఎవర్నీ పోనివ్వకండి. లైఫ్ జాకెట్ లేకుండా పడవ విప్పొద్దు, మీ ఇంటి పిల్లలకైనా సరే. తహశీల్దారు ఆఫీసు నెంబరు, దిగువ తోటలవాళ్ల నెంబర్లు మోటారు షెడ్డు గోడమీద పెయింటుతో రాయించండి. తుఫాను రాత్రి కరెంటు పోయి ఫోన్ ఛార్జింగ్ అయిపోతే పక్కవాడి ఫోన్ నుంచైనా చేయాల్సి వస్తుంది.